తొడల కుప్ప ఎవరికి

"తొడలు రెండూ ఒకే కుప్పలో పడేట్లు కోసే ఆయనతో మాట్లాడినాను వదినా. నువ్వు మనిల్లు పిలిస్తే చాలు."

"ఏమప్పా, నా వీపుకు కండ్లు ఉండాయని ఎవరు చెప్పిరి నీకు?"

"కండ్లతో ఏం పని? ఆ కుప్ప మీద వేలు పెట్టినప్పుడు ఆయన కత్తితో మొద్దు మీద రెండుసార్లు కొడతాడు. నీకు ఇనపడుతుంది కదా."

"దీనికి ఆయనకేమిచ్చినావు?"

"ఫ్యాక్టరీలో మాకిచ్చే బూట్లు. కొత్తవే."

"పొట్టేలు కోసేవానికి బూట్లా! రేపు టై కూడా కట్టుకొని బోటీ కడుగుతాడేమో!"

ఇది డెబ్భైల చివర్లో ఒక శనివారం సాయంత్రం మా అరుగు మీద నాకూ నా మరిదికీ జరిగిన మాట. మా ఊరు కుందారపల్లికి పక్కనే. మరిది హోసూరులో బండి సామాన్లు చేసే ఫ్యాక్టరీలో చేరి రెండేళ్లయినా ఇంకా టెంపరవరీనే. వాళ్ల ఫోర్‌మ్యాన్ ఒక మాట రాస్తే పర్మనెంట్ అవుతాడట. ఆ ఫోర్‌మ్యాన్‌ను ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి పిలిచాడు.

ఆ రోజుల్లో కసాయి అంగడికి పోయి కిలోల లెక్కన కొనే తాహతు మాలో ఎవరికీ లేదు. ఎనిమిది ఇండ్ల వాళ్లం కలిసి ఒక పొట్టేలును కొని కోయించేవాళ్లం. మోదుగాకుల మీద ఎనిమిది కుప్పలు. ప్రతి కుప్పలో కాస్త తొడ, కాస్త మెడ, రెండు పక్కటెముకలు, గోరంత కారిజం, ఒక కొవ్వు ముక్క, పిడికెడు బోటీ. తల, కాళ్లు మాత్రం వంతుల ప్రకారం ఇంటికొకసారి. కుప్పలు వేశాక ఒక మనిషి వాటికి వీపు పెట్టి కూర్చోవాలి. కోసే ఆయన ఒక కుప్ప మీద వేలు పెట్టి "ఇది ఎవరికి?" అంటే ఆ మనిషి ఒక ఇల్లు పిలవాలి. పిలిచిన కుప్ప పిలిచిన ఇంటికి. ఎక్కువా తక్కువా అని ఎవరూ నోరెత్తకూడదు. మా అత్త ఉన్నన్నాళ్లు ఆమె పిలిచింది. ఆమె పోయాక ఆ ఎనిమిది ఇండ్లూ నన్ను కూర్చోబెట్టాయి. మూడో తరగతి దాటని నాకు ఊళ్లో ఉన్న మర్యాద అదొక్కటే.

మరిదికి ఆ మర్యాద బూట్ల జత కన్నా చవకగా కనిపించింది.

"ఆఫీసర్ ఆకులో ఎముకలు, పేగులు ఎట్ల వేసేది వదినా? మెత్తటి ముక్కలు తినే మనిషి ఆయన."

"పండ్లు లేవా పాపం?"

"ఎగతాళి చేయొద్దు."

"తొడ మాంసం చూడ్డానికే అప్పా. ఉడికితే పీచు, చల్లారితే చెప్పుతోలు. రుచంతా ఎముక దగ్గర ఉంటుంది. పక్కటెముకలు పెట్టి, ధనియాలు, గసగసాలు రోట్లో నూరి పులుసు చేస్తాను. సంగటి ముద్ద దాంట్లో అద్దుకొని తిననీ మీ సారును."

"సారు సంగటి తింటాడా!"

"అయితే ఆయనను పిలిచింది యాలకు? గాజు బొమ్మను తెచ్చి పీట మీద కూర్చోబెట్టేది కదా, కూరైనా మిగులుతుంది."

హోసూరు నీళ్లు తాగిన వాళ్లంతా అప్పుడప్పుడే ఇట్లా తయారవుతున్నారు. కాళ్లు కాల్చిన వాసన పడదు, నెత్తురు వేపుడంటే మొహం తిప్పుకుంటారు, మూలుగ పీల్చడం మోటు అంటారు. పొట్టేలులో సగం పారేసి, మిగిలిన సగం చాలలేదని ఏడుస్తారు. సున్నం రాసి, వేడినీళ్లు పోసి బోటీ కడగడం చేతగాని వాళ్లు దాన్ని అసహ్యం అనడం నాకు నవ్వు తెప్పిస్తుంది. చేతగానితనానికి నాగరికం అని పేరు పెట్టుకున్నారు.

మా ఆయన అంతసేపూ తాడు పేనుతూ విన్నాడు. చివరికి "వాని బతుకు కదా, ఒక్కసారికి ఏమవుతుంది?" అన్నాడు.

"ఏడిండ్ల తొడ మాంసం మనింటికి వస్తుంది. అదే అవుతుంది" అన్నాను. మరిది తువ్వాలు దులుపుకొని లోపలికి పోయాడు. కోసే ఆయనకు మాట ఇచ్చేశానని, ఇక నీ ఇష్టమని పోతూ పోతూ అన్నాడు.

రొట్టెలు కాలుస్తూ ఆలోచించాను. మా ఇల్లు పిలిస్తే దొంగతనం. అందరి ముందర బయట పెడితే కోసే ఆయనకు ఇక ఏ ఊళ్లోనూ పని దొరకదు. చప్పుడు విని వేరే ఇంటి పేరు చెప్పినా, అది నేను ఏరి ఇచ్చినట్లే. తెలిసిన వీపు వీపు కాదు.

పొద్దున్నే పొట్టేలు తెగింది, కుప్పలు పడ్డాయి. అందరూ నా వైపు చూశారు. నేను కూర్చోలేదు. చివరింటి అవ్వను పిలిచి, ఈ పొద్దు నువ్వు పిలువు అన్నాను.

"నాకు ఇండ్లన్నీ గుర్తుండవు తల్లీ."

"గుర్తొచ్చినట్లే పిలువవ్వా."

ఆమె వీపు పెట్టి కూర్చుంది. మూడు ఇండ్లు అయ్యాయి. నాలుగో కుప్పకు మొద్దు మీద కత్తి రెండుసార్లు మోగింది.

"ఆ మొద్దును యాల కొడతావురా? పురుగు పట్టిందా?" అంది అవ్వ. ఆ మాట మీదే "బావికాడిల్లు" అని పిలిచింది.

తొడలు బావికాడి ఇంటికి పోయాయి. వాళ్లు ఆకు ఎత్తి చూసుకొని తమ అదృష్టానికి నవ్వుకున్నారు. మాకు మెడ, పక్కటెముకలు, బోటీ వచ్చాయి. మరిది చొక్కా వేసుకొని హోసూరు బస్సెక్కాడు. ఇంట్లోవాళ్లకు ఒంట్లో బాగాలేదని చెప్పి ఫోర్‌మ్యాన్‌ను అక్కడే హోటల్‌కు తీసుకుపోతానని అన్నతో చెప్పాడట.

నేను పులుసు పొయ్యి మీద పెట్టాను. ఇంట్లోనే బేరం పడిన వీపు ఇంక పనికిరాదనిపించి, అది ఉడికేలోపల ఏడిండ్లకూ పోయి, వచ్చేసారి నుంచి పిలవడానికి వేరే మనిషిని చూసుకోండని చెప్పి వచ్చాను.