బోరింగ్ లోపలి తోలు

డిగ్రీ పూర్తిచేసి హన్మకొండలోని మా ఇనుప సామాన్ల దుకాణంలో కూర్చున్న కొత్తల్లో నాకు ఒక్కచోట కుదురు ఉండేది కాదు. మేకులు తూచడం, గొళ్ళాలు చూపించడం, పైపు ముక్క కొలవడం, ఇంతేనా బతుకు అనిపించేది. కాలుకాలిన పిల్లిలా గల్లాకూ గడపకూ మధ్య తిరుగుతుంటే మా బాపు విసుక్కునేవాడు. "జర కూసోరాదురా? నువ్వు తిరిగితే గిరాకీ వస్తదా?"

అది డెబ్బైల చివర. కాలేజీలో ఉన్నప్పుడు ఎవరో పెద్దమనిషి వచ్చి ఉపన్యాసం ఇచ్చి పోయాడు. పేదరికం దానధర్మాలతో పోదు, ఊరికి పనికొచ్చే చిన్న యంత్రం ఉండాలి, దాన్ని నిలబెట్టే చిన్న వ్యాపారం ఉండాలి అన్నాడాయన. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టి మర్చిపోయారు. నాకు మాత్రం ఆ మాట చెవిలో జోరీగ అయి కూర్చుంది.

అప్పట్లో సర్కారు ఊరూరా బోరింగులు వేయిస్తోంది. చేతిపంపును మా వైపు బోరింగ్ అనే అంటారు. వేసిన రోజు కొబ్బరికాయ కొట్టేవారు. ఏడాది తిరిగేసరికి అది ఊరికే కిర్రుమంటూ నిలబడేది. రోగం చిన్నదే. లోపల, గిన్నె ఆకారంలో తోలు వాషర్ ఒకటి ఉంటుంది. నీటిని పైకెత్తేది అదే. అది అరిగిందంటే పిడి ఎంత కొట్టినా గాలే. హైదరాబాద్ నుంచి కొత్తది వచ్చేదాకా ఆడవాళ్ళు మళ్ళీ పొలాల్లోని బావులకు నడవాలి. అరచేతిలో పట్టే తోలుముక్క కోసం అంత ఇనుము పనికిరాకుండా నిలబడటం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు ధర్మసాగర్ వైపు ఊరి నుంచి ఒకాయన తోలు కుట్టే ఆరె కొనడానికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. లోపలికి రాలేదు, మెట్టు మీదే నిలబడ్డాడు. గల్లా పక్కన ఎవరో వదిలిపోయిన పాత వాషర్ కనిపించి చూపించమన్నాడు. విసిరాను, పట్టుకున్నాడు. ఇవ్వడానికీ విసరడానికీ ఉన్న తేడా ఆనాడు నాకు తట్టనే లేదు. ఆయన దాన్ని వంచి చూసి, గోటితో గీరి, వాసన చూశాడు.

"గిది తోలే గద సేటూ. మంచిగ పదును వెట్టలే. గందుకే గింత జల్ది పోయింది."

"నువ్వు చేస్తవా?"

"మోట బొక్కెనలు కుట్టిన చేతులివి. ఎడ్లు గుంజే బరువుకు ఆగినయ్. గీ చాయ్ గిలాసంత గిన్నె ఒక పనా?"

ఎడ్లతో బావినీళ్ళు తోడే ఆ పెద్ద తోలు బొక్కెనలు కుట్టడమే ఆయన బతుకుదెరువు. కరెంటు మోటార్లు వచ్చి మోటలు పోయాయి, ఆయన కూలికి పోతున్నాడు. యంత్రం లాక్కున్న పనిని యంత్రంతోనే తిరిగి ఇప్పిస్తానని నాకు అక్కడికక్కడే పూనకం వచ్చింది.

అంత సులువుగా ఏమీ కాలేదు. మొదటివి నీళ్ళలో ఉబ్బి ఇరుక్కుపోయాయి. తర్వాతివి అంచున పగిలాయి. నేను రెండు రోజులకోసారి సైకిలేసుకుని ఆయన వాకిట్లో దిగేవాణ్ణి. తంగేడు చెక్కతో పదును పెట్టిన బర్రెతోలును తడిపి, కర్ర అచ్చు మీద గుంజి కట్టి, నీడలో ఆరబెట్టి, కాచిన ఆముదంలో నానవేసేవాడు. నేను చుట్టూ తిరుగుతూ "అయిందా మామా?" అని ప్రాణం తీసేవాణ్ణి.

"తోలుకు తొందర తెల్వది సేటూ. నువ్వన్న జర ఆగు" అనేవాడు నవ్వుతూ.

నాలుగోసారి కుదిరింది. ఆయన ఊళ్ళోనే చెడిపోయి ఉన్న బోరింగులో వేశాం. ఊరివాళ్ళు నలుగురు పైపులు పైకి లాగారు, వాషర్ నేను బిగించాను. నేనేదో కంపెనీ సామాను తెచ్చాననుకున్నారు వాళ్ళు. కాసేపు కొట్టగానే గుప్పున నీళ్ళు దూకాయి. నేను పిచ్చివాడిలా నవ్వాను. బిందెలన్నీ పరుగెత్తుకొచ్చాయి, రెండు బిందెలు తప్ప. ఆ రెండూ ఆయన భార్యవి. ఆమె దూరంగా గోడ పక్కన నిలబడి ఉంది, ఆయన కూడా అక్కడే ఉన్నాడు.

మాదిగవాడ ఆడవాళ్ళు పిడి పట్టకూడదు. ఎవరైనా దయతలచి కొట్టిపోస్తేనే నీళ్ళు. ఇది నాకు తెలియని విషయం కాదు, మా జిల్లాలో ఎవరికీ తెలియనిది కాదు. ఆ రోజు మాత్రం చూడలేకపోయాను.

ఊరి బయటి దాకా ఆయన నాతో నడిచొచ్చాడు. "లోపట నా తోలున్నది. గీ సంగతి నువ్వు చెప్పు సేటూ. నేను చెప్తే కొడ్తరు, నువ్వు చెప్తే ఇంటరు. ఇంటే నా పెండ్లాంను పిడి పట్టనిస్తరు. లేకుంటే వాళ్లే ఆ నీళ్లు మానుకోవాలె. ఎండలల్ల నీళ్లు మానుకునుడు అయితదా?"

ఎంత లెక్కగా ఆలోచించాడని ముచ్చటేసింది. "చెప్త మామా. మొదలు దందా నిలబడనీ" అన్నాను.

దందా నిలబడింది. పరకాల నుంచి, నర్సంపేట నుంచి మనుషులు వెతుక్కుంటూ వచ్చారు. ఆయన తమ్ముళ్ళు కూడా కూలి మానేసి వాషర్లకు దిగారు. ఇంటి మీద గడ్డి పోయి పెంకులొచ్చాయి. నేనే పెద్ద ఉపన్యాసం ఇవ్వగలిగినంత పొగరు నాకొచ్చింది. బాపు మాత్రం మొదటి రోజే చెవిలో చెప్పాడు. "ఎవలు చేసిండ్రని అడిగితే కంపెనీ మాల్ అను. తాగే నీళ్ల సామాను గది." నేను ఎదురు చెప్పలేదు. పైగా కమలం బొమ్మతో కాగితం పొట్లాలు అచ్చు వేయించాను. ఆయన పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి, "గీ పువ్వు చేసిందా సేటూ వాసర్లు?" అన్నాడు. నేను మిగతా పొట్లాలు సొరుగులోకి సర్దాను.

సరుకు తెచ్చిన ప్రతిసారీ అడిగేవాడు, "చెప్పినవా?" అని. వచ్చే నెల అనేవాణ్ణి. పంట కోతలు కానీ అనేవాణ్ణి. రెండేళ్ళు అలా గడిపాను. ఆయన సంచితో మెట్టెక్కుతుంటే చాలు, నాకు లోపలేదో పని గుర్తొచ్చేది. కష్టపడి నిలబెట్టిన దాన్ని నేనే కూల్చుకోవాలా అని ఒక వైపు, ఇచ్చిన మాట ఇంకో వైపు పీకేవి. అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన.

ఎండాకాలంలో ఒక పొద్దున ఆయన మెట్టు మీద కూర్చుని వాషర్లు లెక్కపెడుతుండగా వాళ్ళ ఊరి పటేలు ఆయన్ను దాటుకుని లోపలికొచ్చాడు.

"సేటూ, మా బోరింగ్ ఖరాబైంది. ఊరంత నీళ్లకు అల్లాడుతాంది. ఆ కమలం వాసర్ ఒకటియ్యి."

నేను సొరుగు లాగాను. ఆయన మెట్టు మీద లేచి నిలబడ్డాడు.

"పటేలా, గది నేను చేసిందే. రెండేండ్ల సంది నా తోలు ఎత్తిపోసిన నీళ్లే తాగుతాండ్రు. ఇగ మా ఆడోళ్లను పిడి పట్టనియ్యుండ్రి."

పటేలుకు కోపం రావాలి. రాలేదు. గొంతు తగ్గించి అన్నాడు. "లోపటిది లోపట్నే ఉంటది, ఎవలు చూస్తాండ్రు? పిడి ఊరందరి ముందట ఉంటది. నువ్వు గీ ముచ్చట ఊర్లె అనకు." నా వైపు తిరిగి చెయ్యి చాపాడు. "నువ్వియ్యి సేటూ."

ఆయన పటేలును వదిలేసి నన్నే చూశాడు. "ఇయ్యకు సేటూ" అన్నాడు.

ఆ సొరుగు మూస్తే ఆ వాషర్ వరంగల్‌లో ఇంకెక్కడా దొరకదు. ముగ్గురికీ తెలుసు. ఊరు దాహంతో ఉందనుకున్నాను. ఈ సంగతి నర్సంపేట దాకా పాకితే పొట్లాలన్నీ వెనక్కొస్తాయనుకున్నాను. అప్పుడు ఈయన తమ్ముళ్ళే మళ్ళీ కూలికి పోతారనుకున్నాను. బాపు గల్లా దగ్గర నుంచి చూస్తున్నాడు. మంచి కారణాలకు ఆ క్షణంలో కొదవ లేదు. పొట్లం తీసి పటేలు చేతిలో పెట్టాను.

ఆయన తెచ్చిన సంచి మెట్టు మీదే వదిలి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. తమ్ముళ్ళు కూడా రాలేదు.

సంచీలో సరుకు అయిపోవచ్చిన రోజుల్లో ఆయన ఊరికి పోయాను. క్షమాపణ అడగడానికని నాకు నేను చెప్పుకున్నాను కానీ, సరుకు కోసం కూడా. మిట్టమధ్యాహ్నం. బోరింగ్ దగ్గర ఆయన భార్య ఒక్కతే గోడ పక్కన నిలబడి ఉంది, రెండు బిందెలూ కాళ్ళ దగ్గర పెట్టుకుని.

"మామ ఉన్నడా?"

"లేడు. రాళ్లు కొట్టవోతాండు, పొద్దుగూకినంకనే వచ్చుడు." మాటల్లో కోపం లేదు. ఉంటే బాగుండేది. దారి అటూ ఇటూ చూసి అంది, "పొద్దటి సంది ఎవలూ వస్తలేరు. జర నువ్వన్న కొడ్తవా సేటూ?"

నేను వెళ్ళి పిడి పట్టుకున్నాను. లోపల వాషర్ కొత్తది, రెండు దెబ్బలకే ధార కట్టింది. ఆమె వచ్చి బిందె కింద పెట్టి, మళ్ళీ గోడ దాకా వెనక్కి జరిగింది. రెండు బిందెలూ నేనే నింపాను.