అధ్యక్షునికి పొట్టేళ్లు, ఉపాధ్యక్షునికి గొర్రెలు

1964వ సంవత్సరం జూన్ నెల ఎనిమిదవ తేదీ ఉదయం ఏడున్నర గంటలకు, మోత్కూరు బాట మీది చాయ్ హోటలులో, మా ఊరి పట్వారి నా ముందు పత్రికను పరచి ఒక ప్రశ్న వేశారు. నా ఉద్యోగానికి వచ్చిన ఆపద ఆ ప్రశ్నతోనే మొదలైంది.

“ఏం సారూ, బీయ్యే సదివినవు గద. జర చెప్పు మరి. పార్టీ సమితి ప్రెసిడెంటుకు ఎవర్ని నిలవెడ్తది? వైసు ప్రెసిడెంటుకు ఎవర్ని నిలవెడ్తది?”

అప్పటికి ఊళ్లలో సర్పంచుల ఎన్నికలు ముగిసినవి. ఆ సర్పంచులందరూ కూడి పంచాయతీ సమితికి అధ్యక్షుణ్ణి, ఉపాధ్యక్షుణ్ణి ఎన్నుకోవలసి ఉంది. వారిలో ఎక్కువమంది ఒకే పార్టీవారు కనుక, ఆ పార్టీ ఎవరి పేరు చెబితే వారే గెలుస్తారు. పేర్లు జిల్లా కేంద్రం నుంచి కాగితం మీద రావాలి. కాగితం వచ్చేదాకా మాకు హోటలే జిల్లా కేంద్రం.

హోటలు లెక్క ప్రకారం పోటీదారులు ఇద్దరే. ఒకరు మా ఊరి పొలిమేరలోనే గడీ ఉన్న పక్క ఊరి సర్పంచి, దొర. రెండవవారు మా ఊరి సర్పంచి, బియ్యపు మిల్లు గల పటేలు. ఇద్దరూ పెద్ద కుర్చీకే ఆశపడ్డారు. చిన్న కుర్చీని ఎదుటివారికి ఇప్పించాలని ఇద్దరూ ఎంతో ఔదార్యంతో ప్రయత్నిస్తున్నారు. ఉపాధ్యక్షుడంటే ఎవరని ఒకరు అడిగితే హోటలు యజమాని గ్లాసులు కడుగుతూ చెప్పాడు: “పెండ్లిల తోడు పెండ్లికొడుకు ఉంటడు సూడు, గాయినె. గుర్రం ఎక్కుతడు గని పిల్లనియ్యరు.”

నాకు మాత్రం అది వినోదం కాదు. మా వంశంలో బడి మెట్లెక్కినవారిలో నేనే మొదటివాణ్ణి. మా ఊరి సమితి పాఠశాలలో తాత్కాలిక ఉపాధ్యాయుణ్ణి. నా నియామక ఉత్తర్వు జూన్ ముప్పయ్యో తేదీతో ముగుస్తుంది. దాన్ని పొడిగించవలసినది కొత్త అధ్యక్షుడే. ఆయన సంతకం చేయకపోతే, డిగ్రీ కాగితాన్ని గొంగడి మడతలో పెట్టుకొని నేను మళ్లీ మా నాయిన గొర్రెల మంద వెంట నడవాలి. కనుక ఎవరి పక్షమూ వహించరాదని నిశ్చయించుకొని, పట్వారి ప్రశ్నకు బాగా ఆలోచించి జవాబిచ్చాను.

“ఈ విషయమై ఇప్పుడే ఏమీ చెప్పలేమండి.”

పట్వారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“ఇన్నరా? తెల్వదు అంటలేడు. చెప్పలేమంటున్నడు. సారుకు ఎరుకే.”

ఆ రోజు నుంచి నా ప్రతి కదలికా వార్త అయింది. మిల్లు ముందు నుంచి బడికి పోతే ఒక అర్థం, గడీ వెనుక నుంచి పోతే మరొక అర్థం. రెండూ తప్పించుకోవడానికి వాగులో దిగి పోయాను. మూడవ అభ్యర్థి ఎవరో ఉన్నాడని అనుకున్నారు.

ఇంతలో మా నాయిన మందతో తిరిగి వచ్చాడు. ఎండాకాలం మేత కోసం కృష్ణ వైపు, హుజూర్‌నగర్ దాకా తోలుకుపోయి, తొలకరికి ముందు ఇంటికి మళ్లడం ఆయన అలవాటు. దున్నకముందే రైతులు మందను తమ చేలలో పడుకోబెట్టించుకుంటారు. మూడు రాత్రులు గొర్రెలు పడుకుంటే ఆ పెంటికల ఎరువుకు చేను ఏడాదంతా బలంగా ఉంటుంది. కనుక మొదట ఎవరి చేనిలో మంద ఆగుతుందన్నది మర్యాదకు సంబంధించిన విషయం. మా నాయిన ఆ ఏడు మొదట మిల్లు పటేలు ఎర్రనేల చెల్కలో ఆపాడు.

మరునాడు హోటలులో వేరే మాట లేదు.

“మంద యాడ వడ్డది?”

“మిల్లు పటేలు చెల్కల.”

“గింకేంది? కొడుకు చెప్పకపోతే తండ్రి ఆపుతడా? పటేలే ప్రెసిడెంటు, రాస్కోండ్రి.”

సాయంత్రానికి నలుగురు సర్పంచులు మిల్లుకు వచ్చి పటేలుతో కలిసి భోజనం చేశారు. వారిలో ఇద్దరు ముందురోజు గడీలో భోజనం చేసినవారే.

మూడవ నాడు దొర నన్ను పిలిపించారు. నేను పట్టభద్రుణ్ణి కాకముందు ఆయన నన్ను “ఒరే” అనేవారు. ఇప్పుడు “ఒరే” అనడానికి మొహమాటం, “సారు” అనడానికి మనసొప్పదు. గోడ వైపు చూసి మాట్లాడారు.

“గొల్లోల్లకు మా గడీ ఏం తక్కువ చేసిందంట? మంద గా చెల్కల పండుకుంటాంది. మా చేను కనవడలేదా? సరే. సమితి ఎవరిదైతదో, బడి ఎవరి చేతికొస్తదో సూద్దాం.”

నేను ఇంటికి వచ్చి నాయిన ముందు కూర్చొని, పరిస్థితిని ఆద్యంతం వివరించాను. రాజకీయ పక్షాలు, అభ్యర్థుల ఎంపిక, నా ఉత్తర్వు గడువు అన్నీ చెప్పాను. ఆయన తునికాకు చుట్ట ఆరిపోయేదాకా విన్నాడు.

“గొర్రెకు పార్టీ యాడిది బిడ్డా? దొరది రేగడి. రేపో ఎల్లుండో వాన గొడ్తది. రేగడిల తడిసిన గొర్రెకు గిట్టలు మెత్తవడి పుండ్లయితయి. చెల్కల నీళ్లు ఆగయి. గందుకే ఆడ ఆపిన.”

“వాన రాకపోవచ్చు గద నాయినా. నా కొలువు?”

ఆయన ఆకాశం వైపు చూశాడు. తర్వాత నా చొక్కా వైపు చూశాడు. ఆ చొక్కా ఇస్త్రీ చేసినది. మా ఇంట్లో ఇస్త్రీ చొక్కా అదొక్కటే.

“నీ ఇష్టం” అన్నాడు.

నేను సమదూర సిద్ధాంతాన్ని ఆశ్రయించాను. మందను రెండు భాగాలు చేసి, ఒక భాగం పటేలు చెల్కలో, ఒక భాగం దొర చేనిలో ఆపాలి. ఒక్క తల ఎక్కువతక్కువ కాకూడదు. స్వయంగా నిలబడి విభజించాను. పిల్లలున్న తల్లులను కదిలించరాదని నాయిన అన్నందున అవి చెల్కలోనే ఉన్నాయి. పొట్టేళ్లు, గొడ్డు గొర్రెలు దొర చేనికి పోయాయి. నా న్యాయబుద్ధికి నేనే సంతోషించాను.

తెల్లవారి హోటలులో పట్వారి తీర్పు చెప్పారు.

“రాజీ అయింది. పొట్టేళ్లు యాడ వడ్డయి? దొర దగ్గర. దొర ప్రెసిడెంటు. తల్లులు, పిల్లలు యాడ? పటేలు దగ్గర. పటేలు వైసు. సారు ఎంత మర్మంగ చెప్పిండు!”

“గందుకే అన్నరు, సదువుకున్నోడు నోటితోని చెప్పడని” అన్నాడు హోటలు యజమాని.

సర్పంచులు మిల్లు భోజనం మాని గడీకి మళ్లారు. మధ్యాహ్నం బడికి పటేలు స్వయంగా వచ్చి, పిల్లల ముందే అడిగారు.

“నన్ను వైసుకు దించినవా సారూ? నా చెల్కకు గొర్రెపిల్లల్ని తోల్తివా?”

“పటేలా, నేను లెక్క సమానంగానే...”

“లెక్క నాకు చెప్పకు. పొట్టేళ్లు యాడ పండుకున్నయో ఊరంత సూసింది.”

ఆ సాయంత్రమే వాన పడింది. రెండు రోజులు ఆగలేదు. పొట్టేళ్లు రేగడిలో మోకాళ్లదాకా దిగబడ్డాయి. నాయిన వాటిని ఒక్కొక్కటిగా భుజాన వేసుకొని గట్టుకు చేర్చాడు. ఏడింటి గిట్టలు పుండ్లయ్యాయి. ఆయన వేపాకు నూరి కట్టుకడుతూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

వారం తర్వాత జిల్లా నుంచి కాగితం వచ్చింది. పార్టీ అధ్యక్ష అభ్యర్థి సమితిలో చిట్టచివరి గుట్టల ఊరి సర్పంచి. ఆయన పేరు హోటలులో ఒక్కనాడూ వినబడలేదు. ఉపాధ్యక్ష అభ్యర్థి ఆయన బామ్మర్ది. దొర, పటేలు ఇద్దరూ ఆ కొత్త అధ్యక్షునికే ఓటు వేశారు. పూలదండ నేను ముందు తెచ్చానంటే నేను ముందు తెచ్చానని తర్వాత చాలాకాలం వాదించుకున్నారు. పట్వారి తాను మొదటినుంచీ ఇదే చెబుతున్నానన్నారు. ఎవరూ కాదనలేదు.

నేను ఉత్తర్వు కాగితం పట్టుకొని సమితి ఆఫీసుకు పోయాను. కొత్త అధ్యక్షుడు బక్కపలచని మనిషి. నెమ్మదిగా మాట్లాడారు.

“మందను తోలి పార్టీ పెట్టిన సారువు నువ్వేనా?”

“అయ్యా, నాకే పార్టీ లేదు. ఇద్దరికీ సమానంగా...”

“గదే అడుగుతున్న. ఇద్దరికి తోలినవు. మా గుట్టల దిక్కు ఒక్క గొర్రెను గూడ తోలకపోతివి. మేం మనుషులం గామా?”

మూడేళ్ల డిగ్రీ చదువులో అటువంటి ప్రశ్న ఎక్కడా రాలేదు. ఆయన కలం తీసి, ఉత్తర్వులో మా ఊరి పేరు కొట్టివేసి తన ఊరి పేరు రాసి సంతకం చేశారు. “పెట్టె సర్దుకోని రా. మంద గూడ వస్తే మంచిదే” అన్నారు.

జూలై ఒకటవ తేదీ నుంచి నేను ఆ గుట్టల ఊరి బడిలో, ఒక కిరాయి గదిలో ఉంటూ పనిచేశాను. కొలువు నిలిచింది. ఆ వర్షాకాలంలో మా మందలో మూడు పొట్టేళ్లు చచ్చిపోయాయి. మా నాయిన ఆ ఊరికి నన్ను చూడడానికి వచ్చేవాడు కాని మందను తోలుకురాలేదు.