చెవక్క పాస్ చేసిన డబ్బా

ఫ్యాన్ల ఫ్యాక్టరీలో అన్నిటికంటే చిన్న గది చెవక్కది. నాలుగు గోడలకీ మందపాటి స్పాంజి, తలుపు అంచులకి రెండు వరసల రబ్బరు, లోపల ఒక బల్ల, ఒక స్టూలు, ఒక జానెడు కర్ర. తయారైన ప్రతి ఫ్యాను మోటారూ అట్టపెట్టెలోకి వెళ్ళేముందు ఆ బల్ల మీదకి రావాల్సిందే. చెవక్క మోటారు తిప్పుతుంది, కర్ర ఒక కొస దాని మీద ఆనిస్తుంది, రెండో కొస చెవి వెనకాల ఎముకకి ఆనించుకుని కళ్ళు మూసుకుంటుంది. బేరింగులో గ్రీజు తక్కువైనా, ఇసుక రేణువు చిక్కుకున్నా, తీగ చుట్ట వదులైనా ఆ కర్ర మోసుకొచ్చి చెప్పేస్తుంది. చప్పుడొస్తే ఎర్ర చీటీ, రాకపోతే పచ్చ చీటీ. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ చేస్తున్న పని ఇంతే. లోకంలో చప్పుడు చేయనిదే మంచిదని ఆవిడ నమ్మకం. ఆ లెక్కన మొగుడికి ఎప్పుడో ఎర్ర చీటీ అంటించి వెనక్కి పంపాల్సింది. ఆయన బడి బస్సు నడుపుతాడు, ఇంట్లో కూడా హారన్ కొట్టినట్టే మాట్లాడతాడు.

ఆవిడ అసలు పేరు రేషను కార్డులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అందరికీ ఆవిడ చెవి మీద అంత గురి. నీళ్ళ మోటారు మొరాయిస్తే చెవక్క, బండి ఇంజను దగ్గితే చెవక్క. పై అంతస్తు లెక్కల మాస్టారు ఒకసారి కడుపునొప్పి వస్తే డాక్టరు కంటే ముందు ఈవిణ్ణి పిలిచి కర్ర పెట్టమన్నాడు. ఆవిడ పెట్టింది కూడా. "గ్యాసండీ, బేరింగులు బాగానే ఉన్నాయి" అని చెప్పగానే ఆయన లేచి కూర్చున్నాడు.

అలాంటి చెవక్కకి ఏడాదిగా వినపడటం లేదు.

బొత్తిగా వినపడదని కాదు. మాటలు వినపడతాయి, మొగుడి మాటలైతే చెవులు మూసుకున్నా వినపడతాయి. పోయినవల్లా సన్నటి చప్పుళ్ళు, గీరుళ్ళు, కీచుమనేవి. ఇన్నేళ్ళూ ఆవిడకి అన్నం పెట్టినవి అవే. మొదట్లో మోటార్లే బాగా తయారవుతున్నాయనుకుంది. మూడు వారాలు ఒక్క ఎర్ర చీటీ అక్కర్లేకపోయేసరికి బిగింపు సెక్షన్ వాళ్ళని పిలిచి మరీ మెచ్చుకుంది. తర్వాత ఎందుకో అనుమానం వచ్చి, ఒక మోటారులో గ్రీజంతా తనే తుడిచేసి కర్ర పెట్టి చూసింది. ఏమీ లేదు. ఆనాటి నుంచి తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా అన్నిటికీ పచ్చ చీటీలే అంటిస్తోంది. ఎవరికీ అనుమానం రాకుండా రోజూ భోజనం అయ్యాక వచ్చే మొదటి మోటారుకి మాత్రం ఒక ఎర్ర చీటీ.

దీనికి తోడు గదిలో ఒక మైకు వేలాడుతోంది. ఏడాది కిందటే పెట్టారు. ఏ మోటారు ఎలా చప్పుడు చేసింది, ఏ టైముకి చెవక్క దానికి ఏ చీటీ అంటించింది, అంతా ఒక మిషను రాసుకుంటోంది. అలా ఆవిడ దగ్గర పని నేర్చుకుని, ఆవిడ రిటైరయ్యాక ఆవిడలాగే తీర్పులు చెబుతుందట. సోమవారం నాడు పరీక్ష. ఇద్దరూ ఒకే మోటారుని వినాలి, ఇద్దరి తీర్పూ కలవాలి. మిషనుకి నిజంగా చెవులుంటే తన బండారం మేనేజరు ముందే బయటపడుతుందని చెవక్కకి వారం రోజులుగా నిద్ర లేదు.

ఆ ముందు ఆదివారం పొద్దున్నే కూతురూ అల్లుడూ వచ్చారు. అల్లుడు కాఫీ కూడా తాగకుండా జేబులోంచి అగ్గిపెట్టంత నల్ల డబ్బా ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏమిటి బాబూ ఇది?"

"కన్వర్టరు అత్తయ్యగారూ. ఫోన్లో పాట ఉంటుంది కదా, నిజానికి అది పాట కాదు, ఒట్టి అంకెలు. వాటిని మళ్ళీ పాటగా మార్చాలి. ఫోను లోపలి చిప్పు ఆ పని ఏదో మొక్కుబడిగా చేసి చేతులు దులుపుకుంటుంది. ఇదైతే బయట కూర్చుని తీరిగ్గా, శ్రద్ధగా చేస్తుంది. భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా!"

"అవునా?"

"ఆ ముక్క మీరే చెప్పాలి."

కూతురు తల పట్టుకుంది. "నాలుగు నెలలుగా ఇదే గోలమ్మా. పెట్టి ఒకసారి వినమంటారు, తీసి ఒకసారి వినమంటారు. తేడా తెలియట్లేదంటే నా చెవులు కడుక్కోమంటారు. చివరికి నువ్వు చెప్తే ఒప్పుకుంటానన్నారు. నువ్వు లేదంటే వెనక్కి ఇచ్చేస్తారట."

అల్లుడు తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. అయినా ఆ మాటకి అతని మొహం కాస్త పాలిపోయింది. చెవక్క మొహం అంతకంటే ఎక్కువ పాలిపోయింది.

చెవక్క ఏదో తీర్పు చెబుతుందని తెలిసేసరికి లెక్కల మాస్టారు మెట్లు దిగొచ్చాడు, ఎదురింటి పిన్ని తడి చేతులతోనే వచ్చేసింది. అల్లుడు ఫోనుకి వైరు, వైరుకి డబ్బా, డబ్బాకి ఇంకో వైరు, దానికి రెండు స్పీకర్లు తగిలించాడు. ఫోను సెట్టింగుల్లోకి వెళ్ళి ఏదో ఆన్ చేశాడు, ఇంకేదో ఆఫ్ చేశాడు, అన్నీ పీకి మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. పాట మోగింది.

"ఆహా! వయొలిన్ ఒక అడుగు ఎడమకి జరిగింది" అన్నాడు మాస్టారు కళ్ళు అరమోడ్చి.

"ఆ పాడేవాడికి జలుబు చేసినట్టుంది పాపం, ఎంత స్పష్టంగా తెలుస్తోందో" అంది పిన్ని.

"సౌండు పెంచు!" అన్నాడు మామగారు.

అందరూ చెవక్క వైపు తిరిగారు. ఆవిడకి పాట వినపడుతోంది గానీ తేడా ఎక్కడి నుంచి తెస్తుంది? ఏం చేయాలో తోచక, చేతనైన పనే చేసింది. సంచీలోంచి కర్ర తీసి, ఒక కొస డబ్బా మీద ఆనించి, రెండో కొస చెవి వెనక పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఇందులో ఏ చప్పుడూ లేదు" అంది, అలవాటు కొద్దీ మెచ్చుకోలుగా. "పాస్."

అల్లుడు ఉలిక్కిపడి డబ్బా మీదకి వంగాడు. పాట అందితే వెలగాల్సిన నీలం దీపం వెలగలేదు. తెచ్చిన వైరు ఒట్టి ఛార్జింగు వైరు. కరెంటు మోస్తుంది గానీ పాట మోయదు. ఇంతసేపూ పాట వచ్చింది ఫోను సొంత స్పీకరులోంచే. మాస్టారు వయొలిన్ సంగతి మరిచిపోయి గోడ మీద క్యాలెండరు చూడసాగాడు.

"అందరం బోల్తా పడ్డాం, అత్తయ్యగారు మాత్రం కర్ర పెట్టి కనిపెట్టేశారు!" అని అల్లుడు చేతులు జోడించాడు. కాలం కలిసొస్తే నడిచొచ్చే కొడుకు పుడతాడంటే ఇదే.

అక్కడితో ఆగితే బాగుండేది. అల్లుడికి హుషారెక్కింది. అసలు వైరు వెతికి తగిలించాడు, నీలం దీపం వెలిగింది. "ఇక పాటలెందుకు, ఎవరి చెవి ఎంతో తేల్చేద్దాం. ఒక కూత వస్తుంది, పోను పోను సన్నబడుతుంది. అందరూ చెయ్యెత్తండి. వినపడటం ఆగినవాళ్ళు దించేయాలి."

కూత మొదలైంది. మొట్టమొదట మామగారు చెయ్యి దించి, దీనికంటే నా బస్సు నయం అన్నాడు. చెవక్కకి కూడా సరిగ్గా అక్కడే ఆగిపోయింది. కానీ చెవక్క అంతటిది మొగుడితో పాటు దించడమా? అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని ఉంది కాబట్టి ఎవరు దించారో, ఎవరు దించలేదో ఆవిడకి తెలియదు. పిన్ని దించింది. మాస్టారు ఒక్కొక్క వేలే ముడుస్తూ దించాడు. కూతురు, ఆఖరికి అల్లుడు కూడా దించారు. ఫోన్లో అయిపోయిందని వచ్చింది, కూత ఆగిపోయింది. చెవక్క చెయ్యి మాత్రం పైనే ఉంది.

అల్లుడు ఫోను వంక చూశాడు, అత్తగారి వంక చూశాడు.

"ఇంకా వినపడుతోందా అత్తయ్యగారూ?" అన్నాడు మెల్లగా.

"సన్నగా" అంది చెవక్క.

మాస్టారు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, పిన్ని కూడా కొట్టింది. అల్లుడు కొట్టలేదు. కళ్ళు తెరిచి అతని మొహం చూడగానే చెవక్కకి సంగతి అర్థమైంది.

వంటింట్లోకి టీ పెట్టే మిషతో వెళితే అతనూ వెనకాలే వచ్చాడు.

"ఎప్పుడాగింది బాబూ?"

"నిమిషం పైనే అయిందండీ."

ఆవిడ గట్టుకి ఆనుకుని నిలబడిపోయింది. ఏడుపు ఆగలేదు. "ఏడాదైంది. ఎవరికీ చెప్పలేదు. రేపు ఆ మిషను ముందు పరువు పోతుంది. చెవి పోయాక నన్నింక ఏమని పిలుస్తారు బాబూ?"

అల్లుడు గిన్నె తీసి టీకి నీళ్ళు పెట్టాడు. "నాకూ తేడా తెలియదత్తయ్యగారూ. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా తెలియలేదు. అందరి దగ్గరా గొప్పలు పోయాను, ఇప్పుడు మింగలేక కక్కలేక ఛస్తున్నాను. మీరు ఉందంటారని వచ్చాను."

అంత ఏడుపులోనూ ఆవిడకి నవ్వొచ్చింది. అతను హాల్లోకి వెళ్ళి పెళ్ళాంతో "తేడా ఏం లేదు, ఇచ్చేద్దాం" అన్నాడు. కొంప మునిగిపోతుందేమోనని చెవక్క వంటింట్లోంచి తొంగి చూసింది. కూతురు "హమ్మయ్య, బతికించారు" అని టీ కోసం చెయ్యి చాపింది, అంతే.

సోమవారం మేనేజరు కొత్త చొక్కా వేసుకొచ్చాడు. చెవక్క ఒక పక్క, మిషను ఇంకో పక్క. మొదటి మోటారుకి ఆవిడ పచ్చ చీటీ తీసింది, మిషను మీద పచ్చ దీపం వెలిగింది. రెండోదానికీ పచ్చే. భోజనాల వేళకి ఇరవై మోటార్లు అయ్యాయి, ఇరవైకి ఇరవై కలిశాయి. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. ఇరవై మోటార్లలో ఒక్క చెడ్డది లేకుండా ఎలా ఉంటుంది?

భోజనాలయ్యాక మొదటి మోటారు వచ్చింది. స్విచ్చి మీద ఇంకా ఆవిడ చెయ్యి పడనే లేదు, మిషను మీద ఎర్ర దీపం వెలిగింది.

ఆవిడకి అప్పుడర్థమైంది. ఇక తన గుట్టు ఎప్పటికీ బయటపడదు. తను ఇంటికి వెళ్ళిపోయినా తన చెవుడు ఇక్కడే ఉద్యోగం చేస్తూ ఉంటుంది.

"సార్, మోటారు ఇంకా తిప్పలేదు" అంది.

"చూశారా, తిప్పకముందే పట్టేసింది!" అని మేనేజరు పొంగిపోయాడు.

"అది నా దగ్గర నేర్చుకుంది సార్. ఏడాదిగా నాకు వినపడట్లేదు. అన్నిటికీ పచ్చ చీటీలే అంటిస్తున్నాను. అనుమానం రాకూడదని భోజనం తర్వాత మొదటిదానికి మాత్రం ఊరికే ఎర్రది అంటిస్తాను. దానికి అది కూడా వచ్చేసింది."

మేనేజరు స్టూలు మీద కూలబడ్డాడు. "ఫిర్యాదులు వస్తున్నాయమ్మా, బస్తాలకి బస్తాలు. చెవక్క పాస్ చేసిన మోటారుకి చప్పుడేమిటి, మీరే సరిగ్గా బిగించుకోలేదని అందరికీ జవాబులు రాయించాను." చీటీల కట్ట పక్కకి నెట్టాడు. "మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను సార్? నా పేరే అది కదా."

ఆయనకి ఏం చేయాలో తెలియలేదు. ఆవిడకి తెలుసు. తలుపు తీసి, తీగలు చుట్టే సెక్షన్ నుంచి ఒకావిణ్ణి పిలిచింది. ఇద్దరు పిల్లల తల్లి, పిల్లలు పక్క గదిలో నిద్రలో కదిలినా మెలకువ వచ్చే మనిషి. మోటారు తిప్పి, కర్ర చేతికిచ్చి ఎక్కడ ఆనించుకోవాలో చూపించింది.

"ఏదో గీరుతున్నట్టుందక్కా" అందావిడ మొహం చిట్లించి. "ఆగి ఆగి వస్తోంది."

"పై బేరింగులోనా, కిందదాంట్లోనా?"

"పైన."

చెవక్క వేగం తగ్గించింది. "ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు."

"అయితే ఇసుక కాదు, గ్రీజు తక్కువ." చెవక్క ఎర్ర చీటీ అంటించింది. ఏడాదిలో అది మొదటి నిజమైన ఎర్ర చీటీ. ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చినంత సంతోషమైంది.

రెండో మోటారు పెట్టింది. తీగల సెక్షన్ ఆవిడ కర్ర ఆనించుకుని చాలాసేపు విన్నది. మధ్యమధ్యలో చెవక్క మొహంలోకి చూస్తూ, "ఇది కూడా... అలాగే ఉన్నట్టుంది కదక్కా?" అంది.

"నా మొహం చూడకు, మళ్ళీ విను" అంది చెవక్క. "వినపడకపోతే వినపడలేదనే చెప్పు."