పైకప్పులు మాత్రమే చూసిన మనిషి

ఇది రాయకపోతే ఎవరి కొంపా మునగదని మూడు వారాలు ఊరికే కూర్చున్నాను. బద్ధకం కాదు. ఇది చేరవలసిన వాళ్లలో ఒకాయన ఉన్నాడు, ఆయనంటే జంకు. ఆ సంగతికి తరువాత వస్తాను.

బోయిగూడలో మా పక్కింటి కరెంటు మిస్త్రీ పోయాడు. పొద్దున్నే ఆయన బామ్మర్ది గోడ మీంచి తొంగిచూసి, "బావ లేస్తలేడు, జెర వస్తవా" అన్నాడు. వెళ్లాను. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్లిపోయాడు. సాయంత్రం చర్చి వాళ్లు వచ్చి పాడారు, సమాధి చేశాం. పాస్టరుగారు రెండు నిమిషాలు మాట్లాడమంటే, మిస్త్రీ అన్న బిగించిన ఫ్యాను ఎప్పుడూ చప్పుడు చేయలేదని చెప్పి కూర్చున్నాను. అది రెండు నిమిషాలకు సరిపోయే నిజం. మిగతాది ఇది.

పోలీసు యాక్షనుకు ముందు పదేళ్లపాటు ఆయన పని అంతా పెద్ద ఇళ్లలోనే. హైదరాబాదులో అలాంటి ఇళ్లను దేవిడీలనేవారు. దేవిడీ అంటే అసలు అర్థం గడప అట. నేను బడికి వెళ్లింది తక్కువ, ఈ ముక్క లైబ్రరీలో చెదలు తిన్న ఒక నిఘంటువులో దొరికింది. నలభై గదుల ఇంటిని గడప పేరుతో పిలిచారంటే ఆ ఇంటి గొప్ప గదుల్లో లేదన్నమాట, ఎవరిని ఎక్కడ ఆపుతారన్న దాంట్లో ఉంది. గేటు మాత్రం అంబారీ వేసిన ఏనుగు పట్టేంత ఎత్తు. ఏనుగు ఏదని అడగకూడదు. నాకు పుస్తకం చెప్పిన ఈ విషయం మిస్త్రీకి కాళ్లే చెప్పాయి. "మహల్ ఎంత పెద్దదో ముంగట నిలబడితే తెల్వదు. లోపలికి పోయేలోపు నిన్నెన్ని చోట్ల నిలబెడ్తరో, గంత పెద్దది" అనేవాడు.

కూరగాయలవాడు మొదటి వాకిట్లో ఆగిపోతాడు. వకీలు రెండో వాకిలి దాకా వస్తాడు. దగ్గరి చుట్టమైతే దివాన్‌ఖానాలో కూర్చుంటాడు. ఆ తరువాత జనానా, అంటే ఆడవాళ్లుండే వైపు. అక్కడికి పరాయి మగవాడు పోయేదే లేదు. కానీ ఫ్యాను ఆగితే నవాబుగారి బేగంకైనా చెమట పడుతుంది కదా! అందుకని వకీలు ఆగిన చోటు దాటి మా మిస్త్రీ వెళ్లేవాడు.

దానికో పద్ధతి ఉండేది. ముసలి దాసి ఒకామె ముందు నడుస్తూ "పర్దా, పర్దా" అని కేక వేస్తుంది. ఆడవాళ్లు పక్క గదిలోకి తప్పుకుంటారు. ఈయన గడప దాటగానే తల పైకెత్తాలి, బయటికి వచ్చేదాకా దించకూడదు. నిచ్చెన కాళ్లు ఎక్కడ ఆనించాలో కూడా దాసే చెప్పాలి. అలా ఆయన ఎన్నో ఇళ్ల అంతఃపురాలు చూశాడు. చూసింది మాత్రం పైకప్పులే.

పైకప్పులో ఇంటి జాతకమంతా చదివేవాడు. తివాచీలు మార్చి అతిథులకు దర్జా చూపించవచ్చు కానీ పైన చెమ్మ మరకను ఎవరూ దాచరు, ఎందుకంటే అతిథి అంత పైకి చూడడు. ఒకసారి ఇద్దరం ఒక పెళ్లికి వెళ్లాం. అది ఒకప్పటి దేవిడీ, ఇప్పుడు ఫంక్షన్ హాలు. అందరూ పెళ్లికూతురును చూస్తున్నారు, ఈయన పైకి చూస్తున్నాడు. "ఈడ ముసలి బేగం పండుకునేది. గాలి మొఖం మీద కొట్టొద్దని కొక్కెం రెండు మూరలు జరిపిచ్చింది. గదో, పాత కొక్కెం ఇంక ఆడ్నే ఉన్నది" అన్నాడు. నిజంగానే ఉంది. ఆమె ముఖం ఆయన ఎన్నడూ చూడలేదు, ఆమె నిద్ర గురించి మాత్రం ఆమె కొడుకులకన్నా ఎక్కువ తెలుసు.

ఇప్పుడు బామ్మర్ది సంగతి. రజాకార్ల రోజుల్లో అతనికి పద్దెనిమిదేళ్లు. స్టేషను నుంచి ఇంటికి వస్తుంటే రజాకార్ల ఖాకీ గుంపొకటి ఆపి తమ నినాదం చెప్పమంది. చెప్పలేదు. లాఠీలతో కొట్టిన దెబ్బలకు కాలు విరిగింది, మళ్లీ తిన్నగా రాలేదు. కొట్టినవాళ్లెవరో గుర్తుపట్టలేకపోయాడు. అక్క ఇంట్లోనే ఉండిపోయాడు, అక్క పోయాక బావతోనే.

కొన్ని నెలలకు పోలీసు యాక్షన్ అయింది. ఐదు రోజుల్లో యూనియన్ సైన్యం వచ్చేసింది, రజాకార్ల కోసం వెతుకులాట షురూ అయింది. మారేడ్‌పల్లి అవతల ఒక జాగీర్దారు బంగళాకు ఒక ఆఫీసరు సిపాయిలతో వచ్చాడు. ఆ ఇంటి చిన్నకొడుకు, పందొమ్మిదేళ్లవాడు, రజాకార్లతో తిరిగాడని, లోపలే దాగి ఉన్నాడని కబురు. ఆ రోజుల్లో పట్టుబడిన వాళ్లందరూ కోర్టు దాకా చేరలేదు. ఆఫీసరు జనానాలో కూడా వెతకాలన్నాడు. ఇంటి లెక్కలు చూసే మున్షీ కాళ్లావేళ్లా పడ్డాడు. చివరికి లోపలి దారులు తెలిసిన బయటి మనిషి ఒక్కడేనని మా మిస్త్రీని పిలిపించారు. లోపల ఎన్ని గదులని ఆఫీసరు అడిగితే, "పద్నాలుగు ఫ్యాన్లు సాబ్" అన్నాడట.

ఉపాయం చెప్పింది ఈయనే. దాసి కేక వేస్తుంది, ఆడవాళ్లు బురఖాల్లో వెనక వసారా గుండా తప్పుకుంటారు, ఖాళీ అయిన గదిని సిపాయిలు వెతుకుతారు. ఇల్లంతా వెతికినట్టూ ఉంటుంది, ఎవరి మర్యాదా పోదు. ఆఫీసరు మంచివాడు, సరేనన్నాడు. పదమూడు గదులు అలాగే జరిగాయి. పద్నాలుగోది చలికాలపు రజాయిలు దాచే గది. ఎండాకాలం నుంచి దీంట్లో ఎవరూ అడుగుపెట్టలేదంటూ మున్షీ తాళం తీశాడు. దాని వెనక తలుపు కూడా వసారాలోకే. సిపాయిలు పెట్టెలు తెరిచారు, మంచాల కిందకు దూరారు. అందరి చూపూ కిందే. మిస్త్రీ అలవాటుగా పైకి చూశాడు.

ఫ్యాను తిరుగుతోంది. ఎవరో అప్పుడే స్విచ్ ఆపినట్టు, ఆఖరు చుట్లు మెల్లగా తిరుగుతోంది. ఆ ఎండాకాలంలో దానికి నూనె వేసింది ఈయనే, అందుకే చప్పుడు లేదు.

వసారాలో వెళ్లిన బురఖాల్లో ఒకటి ఎవరిదో ఆయనకు అర్థమైంది. ఆ దారి చూపించిందీ తానే. ఇంట్లో బామ్మర్ది కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. ఆ కాలు విరగ్గొట్టిన గుంపులో ఈ కుర్రవాడు ఉన్నాడో లేడో తెలియదు. ఉండవచ్చు. ఇంకేమైనా ఉందా అని ఆఫీసరు అడిగాడు. "పద్నాలుగూ అయిపోయినయి సాబ్" అన్నాడు మిస్త్రీ.

ఇది నాకు ఐదారేళ్ల కిందట చెప్పాడు, ఒక మధ్యాహ్నం మా ఇంట్లో టీ తాగుతూ. నేను ఉండబట్టలేక, కాలు విరిగింది నీ ఇంటివాడిదే కదన్నా అన్నాను. ఆయనకు కోపం రాలేదు.

"నేను చూడనని నన్ను లోపలికి రానిచ్చిండ్రు. మల్ల చూసిన్నని ఎట్ల చెప్త?"

"మరి బామ్మర్దికి?"

"ఆనికి చెప్పలే. యాభై ఏండ్లసంది ఒక్క పళ్లెంల తింటున్నం, చెప్పలే. నువ్వు సుత చెప్పకు. నేను పోయినంక నీ ఇష్టం."

నీ ఇష్టమట! అంత బరువు నా నెత్తిన పెట్టి టీ పూర్తి చేశాడు.

జాగీర్లు పోయాక ఆ బంగళా సర్కారు దఫ్తరైంది, తరువాత పడగొట్టి ఫ్లాట్లు కట్టారు. కుర్రవాడు ఏమయ్యాడో మిస్త్రీ విచారించనూ లేదు. ఫ్లాట్ల పనికి పిలిస్తే వెళ్లేవాడు కాని పెదవి విరిచేవాడు. "చెయ్యెత్తితే తగుల్తది. పైకి చూసెటందుకు ఏమున్నది?" అనేవాడు. పెద్ద ఇళ్లు పోయాయని నాకేమీ దిగులు లేదు. మనుషుల్ని గడపల దగ్గర ఆపడానికి కట్టిన ఇళ్లు అవి. కానీ అలాంటి ఇంట్లో పని చేసి కూడా ఒక మనిషి ఇంత నిటారుగా తయారు కాగలడని ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. ఆయన చేసింది తప్పని మీరంటే వాదించను. ఆ పద్నాలుగో గదిలో నేనుంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు. అందుకే ఆయన మీద గౌరవం.

అచ్చుకు పంపేముందు నిన్న పక్కింటికి వెళ్లి, బామ్మర్దిని కూర్చోబెట్టి ఇక్కడిదాకా చదివి వినిపించాను. చూపు మందగించింది, చెవులు బాగానే ఉన్నాయి. రజాయిల గది దగ్గర ఆపమన్నాడు. మళ్లీ చదవమన్నాడు. చదివాను. చివరిదాకా విన్నాడు.

"ఎడమ కాలని రాయి" అన్నాడు. "ఉత్తగ కాలు అంటే ఏం తెలుస్తది."

ఎడమ కాలు.

పంపమంటావా అని అడిగాను. చినుకులు మొదలయ్యాయి. ఆయన కర్ర అందుకుని వాకిట్లోకి వెళ్లి, తీగ మీద ఆరేసిన బావ చొక్కాలు రెండూ తీసుకొచ్చి, మడతపెట్టి మంచం మీద పెట్టాడు. పంపమన్నాడు.