నాన్న విన్న కప్పు చప్పుడు

దయ్యాల ముచ్చట మొదలైతే లేచి టీకి పోయే రకం నేను. ఇప్పటికీ అంతే. దీన్ని దయ్యం అనడం లేదు, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

గోదావరిఖనిలో ఏళ్లుగా మూతపడి ఉన్న మరమ్మతు కర్మాగారాన్ని కళాకారుల కోసం బాగుచేశాం. ఒకవైపు బొమ్మలు వేసేవాళ్లు, ఒకవైపు నాటకాలవాళ్లు. మూల గదిలో నా రికార్డింగ్ స్టూడియో. అందులో మొదటి పాట అమ్మదే కావాలని నా పట్టు. అమ్మ గొంతులో గడ్డ. మర్నాడే ఆపరేషన్‌కు కరీంనగర్ వెళ్లాలి. తర్వాత పాడగలదో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు.

మధ్యాహ్నం అమ్మను మైకు ముందు కూర్చోబెట్టాను. నాట్లప్పుడు పాడే పాట ఎత్తుకుంది. నాన్న గోడ పక్కన కూర్చున్నాడు. ఆయన బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. యంత్రాల మోతకు చెవులు పోయాయి, దగ్గరికెళ్లి అరిస్తే తప్ప వినపడదు.

బాయిలో ఓ పద్ధతుంది. పనికి దిగేముందు పైకప్పును ఇనుప కడ్డీతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టిది. బోలుగా మోగితే కూలేలా ఉందని అర్థం, వెంటనే బయటికి రావాలి.

పాట సగంలో ఉండగా నాన్న దిగ్గున లేచాడు.

“లెవ్వు లచ్చవ్వా! ఎవరో కప్పు కొడ్తున్నరు, బోలు మోగుతంది! జల్ది నడువు!”

“నెత్తి మీద డప్పు కొట్టినా ఇనబడదు నీకు, గిదెట్ల ఇనబడ్డదయ్యా? పాటన్న కానియ్యరాదు!” అని అమ్మ కసిరింది.

నాన్న ఆగలేదు. రెక్క పట్టి బయటికి లాక్కెళ్లాడు. నాకు ఒళ్లు మండిపోయింది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న నాకే పాట తప్ప ఇంకేదీ వినిపించలేదు. పైకెక్కి చూస్తే ఎవరూ లేరు. ఇంజనీరును పిలిపిస్తే, కప్పుకు ఏ ఢోకా లేదన్నాడు.

నాన్న అమ్మను మళ్లీ ఆ గడప తొక్కనివ్వలేదు. పోనీ ఇంట్లో పాడమంటే, “ఆపరేషన్ అయినంక పాడ్త తియ్యి, ఏడికి పోత?” అంది అమ్మ.

ఆపరేషన్ బాగానే జరిగింది. మనిషి దక్కింది. గొంతు మాత్రం గుసగుసగా మిగిలింది.

కొన్నాళ్లకు గుండె చిక్కబట్టుకుని ఆ సగం పాట విన్నాను. అందులో చప్పుడుంది. ఇనుము కప్పును తాకే చప్పుడు. ఒక్కో దెబ్బా అమ్మ వైపు జరుగుతూ వచ్చింది. చివరిది సరిగ్గా అమ్మ నెత్తి మీద, బోలుగా మోగింది. ఆ వెంటనే నాన్న కేక.

ఆ కప్పు ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. రోజూ దాని కిందే పనిచేస్తున్నాను. కొట్టిందెవరో, నాన్నకు ఎలా వినపడిందో, నాకెందుకు వినపడలేదో ఇప్పటికీ అంతుపట్టలేదు. చప్పుడు తీసేద్దామని చాలాసార్లు చూశాను. దాంతోపాటే అమ్మ గొంతూ పోతోంది. అలాగే ఉంచేశాను.