చెవులున్న సీటు

ఇరవై ఏళ్ళ వయసులో మనిషికుండే ధీమా మళ్ళీ ఏ వయసులోనూ రాదేమో. ఆ రోజుల్లో నా ధీమా అంతా నా చేతి కత్తెరలో ఉండేది. మేడ్చల్‌లో మా వాడకట్టు మొత్తానికి జాకెట్లు కుట్టే అమ్మకు కూతుర్ని, పదో తరగతిలోనే ఒక పెళ్ళికూతురి జాకెట్టు ఒంటిచేత్తో కుట్టేసినదాన్ని. (తలంబ్రాలు పోయడానికి ఆ పిల్ల చెయ్యి పైకెత్తలేకపోయిందని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. నేను వినిపించుకోను.) అలాంటి నేను ఒకరోజు అమ్మతో ఏదో హుక్కుల దగ్గర పేచీ పడి, సుచిత్ర చౌరస్తాలో కార్ల సీట్లకు కవర్లు కుట్టే నాయిన దోస్తు దుకాణంలో పనికి కుదిరాను. "కార్లకు జాకెట్లు కుడ్తవా? నాలుగొద్దులల్ల తిరిగొస్తవ్ తియ్" అంది అమ్మ. ఆ ఒక్క మాటకే, ఏమైనా సరే తిరిగి అమ్మ మిషన్ దగ్గరికి వెళ్ళకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

నాయిన దోస్తు కాబట్టి ఆయన్ని కాకా అనేదాన్ని. కాకా నాతో నెల రోజులు దారాలు కత్తిరింపించాడు, ఫోముకు గమ్ము రాయించాడు. ఆ తర్వాత షరతు చెప్పాడు. ఒక కారు సీట్లన్నీ నేనొక్కదాన్నే కుట్టాలి. కుదిరితే దుకాణంలో ఒక మిషన్ నాది, లేకపోతే ఇంటికి. "సీటు నడుమ ఎవలన్న కుడ్తరు బిడ్డా. మూల కాడ్నే తెలుస్తది పనితనం" అన్నాడు. నాకు లోపల నవ్వొచ్చింది. మనుషుల భుజాలకే కొలత తప్పకుండా కుట్టినదాన్ని, కదలకుండా కూర్చునే సీటుకు కుట్టలేనా?

వచ్చిన కారు బహదూర్‌పల్లిలో ఉండే ఒక టీచరమ్మది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, సెకండ్ హ్యాండ్‌లో మొదటిసారి కారు కొనుక్కుని, సోమవారం తానే నడుపుకుంటూ బడికి వెళ్ళాలని ముచ్చటపడుతోంది. కాఫీ రంగు రెగ్జిన్ తనే ఎంచుకుంది. నేను రెండు రోజులు తల ఎత్తకుండా కుట్టాను. శనివారం కవర్లు సీట్లకు తొడిగి చూస్తే, పక్కలన్నీ నున్నగా కూర్చున్నాయి గానీ, ప్రతి మూలా పిల్లి చెవిలాగా పైకి లేచి నిలబడింది. అరచేత్తో నొక్కాను, గుద్దాను, ఎవరూ చూడకుండా చెక్క సుత్తితో కూడా కొట్టాను. చెయ్యి తియ్యగానే చెవి మళ్ళీ లేచేది.

సరిగ్గా అప్పుడే టీచరమ్మ వచ్చింది. కారులోకి తొంగిచూసి, "ఏవమ్మా, సీట్లకి చెవులొచ్చాయేంటి? నేను పాటలు పెడితే వినడానికా?" అంది. కాకా ఒక కవరు ఊడదీసి తిరగేశాడు. కుట్టు పొడుగునా లోపలివైపు రెండు వేళ్ళ వెడల్పున రెగ్జిన్ మిగిలి ఉంది.

"గిదేంది బిడ్డా, గింత రెగ్జిన్ లోపల దాసినవ్?"

"రేపెప్పుడన్న లావైతే... ఇప్పుకోనీకి" అన్నాను.

"ఎవలు? సీటా?"

నిజం చెప్పాలంటే అంతవరకూ నాకూ తట్టలేదు. జాకెట్టు కుడితే లోపల రెండు వేళ్ళ గుడ్డ వదలడం మా ఇంటి ఆచారం. 'మనుషులన్నంక లావైతరు' అని అమ్మ చెబుతూ ఉంటే నా చెయ్యి దానికే అలవాటు పడిపోయింది. టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, కాకా గోడ పట్టుకుని నవ్వాడు. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "జల్దీ ఇప్పి మళ్ళ కుడ్త కాకా" అని బ్లేడు తీసుకుంటే ఆయన ఆపాడు.

"గుడ్డ మర్సిపోతది బిడ్డా, రెగ్జిన్ మర్వది. సూది వడ్డ బొక్క గట్లనే ఉంటది."

అంటే ఆ కవర్లన్నీ పాడైనట్టే. నేను టిఫిన్ డబ్బా సర్దుకున్నాను. మేడ్చల్ బస్సు, గుమ్మంలో అమ్మ, ఆ నవ్వు, అన్నీ కళ్ళ ముందు కనిపించాయి. అప్పుడు కాకా టీచరమ్మతో, "తప్పు నాదమ్మా. మూల ఎట్ల తిప్పాల్నో నేనే సూపియ్యలే. రేపు పొద్దుమూకేదాక టైమియ్యుండ్రి" అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం నావైపు చూసింది. "రేపటికైతే సరేనండీ. కానీ ఈ అమ్మాయే కుట్టాలి. తప్పు రాసిన పిల్ల చేతే నేను దిద్దిస్తాను" అంది. నేను ఆవిడకు దండం పెట్టాను.

ఆవిడ వెళ్ళాక కాకా నన్ను కూర్చోబెట్టి అడిగాడు. "జాకెట్‌కు చెయ్యి అతికేటప్పుడు చంక కాడ ముడుతలు వడకుంట ఏం జేస్తవ్?"

"మిగులు గుడ్డ కత్తిరిస్త. సన్న గాట్లు వెడ్త."

"ఎవలు నేర్పిండ్రు?"

"అమ్మ."

"మరి అమ్మ నేర్పినదాంట్ల సగం తెచ్చుకొని సగం ఇంట్లనే మర్సిపోతె ఎట్ల?"

ఆదివారం దుకాణం సెలవు. నాకోసం కాకా వచ్చి తాళం తీసి, కొత్త రెగ్జిన్ ఇచ్చాడు. మిగులును అర వేలికి కత్తిరించి, కుట్టుకు తగలకుండా గాట్లు పెట్టి, మూల రాగానే సూది దించి, రెగ్జిన్‌ను నొక్కిపట్టే మిషన్ పాదం లేపి, కవరు తిప్పి, మిషన్ చక్రాన్ని చేత్తోనే ఒక్కొక్క కుట్టుగా తిప్పుకుంటూ వెళ్ళాను. కాకా నా వెనకే కూర్చున్నాడు, ఒక్కసారి కూడా చెయ్యి పెట్టలేదు. సాయంత్రం టీచరమ్మ ప్రతి మూలా బొటనవేలితో తడిమి చూసింది. "హమ్మయ్య, ఇక నా పాటలు నేనే వింటాను" అంది. సోమవారం నుంచి మిషన్ నాదైంది. అమ్మకు చెబితే, "గాట్లు వెట్టాలని నేను సెప్పలేదా?" అని కసిరి, కంచంలో ఇంకో గరిటె కూర వేసింది.

పాడైన కవర్లలో ఒకటి కాకా పారెయ్యలేదు. తన స్టూలుకు తొడిగించుకుని, "నేను లావైతె ఇప్పుకోవచ్చు" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. చూపు మందగించి పని మానేసిన రోజున ఆ స్టూలు నాకిచ్చాడు. ఇప్పుడు శామీర్‌పేటలో నా దుకాణంలో దానిమీదే కూర్చుని కుడుతున్నాను. ఇన్నేళ్ళలో సీటు లావు కాలేదు గానీ నేనయ్యాను. అమ్మ మొన్న దుకాణానికి వచ్చి, ఆ నాలుగు చెవులనూ, వాటిమీద కూర్చున్న నన్నూ తేరిపార చూసి, "రెండు వేళ్ళు ఇడ్సిపెట్టి మంచి పనే జేసినవ్" అంది.