మావయ్యకు ఇంకో మేనల్లుడు

మా మావయ్య నిద్రలోనే పోయారు. నేపర్‌విల్ స్టేషన్‌లో ఆఫీస్‌కి రైలెక్కబోతుంటే అత్తయ్య ఫోన్ చేసి చెప్పింది. ఇక్కడ ఇల్లినాయి రాష్ట్రంలో, అరోరాలో వారసత్వ కేసులు చూసే లాయరుగా మీలో కొందరికి ఆయన తెలిసే ఉంటారు. పిల్లల్లేరు. నేను ఆయన చెల్లెలి కొడుకుని, ఆయన దగ్గరే జూనియర్‌ని. ఎప్పుడూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. "ఏరా అల్లుడూ" అనేవారు, ఒక్కోసారి జడ్జి ముందు కూడా నోరు జారి.

కోర్టు గదిలోకి వెళ్లేముందు చిటికెడు వక్కపొడి నోట్లో వేసుకునేవారు. అది అయ్యేదాకా క్లయింట్లు, నేను కారిడార్‌లో నిలబడాల్సిందే. ఎవరొచ్చినా ఒకటే మాట: "ముందు ఏ కోర్టో చూడండి. ఎవరి ఆస్తో తర్వాత చూద్దాం."

ఒకసారి ఘానా నుంచి వచ్చి ఇక్కడ నర్సుగా పనిచేస్తున్న ఒకతను మా దగ్గరికొచ్చాడు. అతని మేనమామ వీలునామా రాయకుండా పోయాడు. అరోరాలో ఒక ఇల్లు, ఘానాలో తల్లి వైపు వంశానికి చెందిన కోకో తోట. వాళ్ల ఆచారంలో మనిషి పోతే ఆ స్థానంలోకి వచ్చేది కొడుకు కాదట, అక్కచెల్లెళ్ల కొడుకట. పోయినాయన పిల్లలేమో రెండూ మావే అన్నారు. పిటిషన్‌లో నేను అతన్ని నెఫ్యూ అని రాసి ఊరుకున్నాను. అన్న కొడుకా అని జడ్జి అడిగేసరికి అవతలి లాయరు అదే పట్టుకున్నాడు. అన్న కొడుకైతే వాళ్ల ఆచారంలోనూ హక్కు లేదు మరి.

మావయ్య లేచి సరిదిద్దారు. బయటికొచ్చాక నా మీద విరుచుకుపడ్డారు.

"మేనల్లుడివై ఉండి ఆ ముక్క ఎలా మిస్ అయ్యావురా? ఇంగ్లీషుకి మాట లేదు సరే, మనకుందిగా!"

పక్కనున్న క్లయింట్‌కి మేనల్లుడు, మావయ్య అనే మాటలు నేర్పింది కూడా ఆయనే.

చివరికి మావయ్య చెప్పినట్టే తీర్పొచ్చింది. ఇల్లు ఇల్లినాయిలో ఉంది కాబట్టి ఇక్కడి చట్టం ప్రకారం పిల్లలకే. తోట గొడవ ఈ కోర్టు పరిధిలోకి రాదు, అక్కడి కోర్టే తేల్చాలి. అక్కడ అది అతనికే వచ్చింది.

కేసు అయిపోయినా మనిషి మమ్మల్ని వదల్లేదు. శనివారాలు అరటికాయలు పట్టుకుని ఇంటికొచ్చేవాడు. అత్తయ్య గోంగూర వడ్డించేది. ఒకరోజు మావయ్య తలుపు తీస్తూ "రా అల్లుడూ" అన్నారు. నేను సోఫాలోంచి లేచాను. పిలిచింది నన్ను కాదు.

ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది. నన్ను లా చదివించింది, డ్రైవింగ్ నేర్పింది ఆయనే, కాదనను. కానీ ఆ పిలుపు పంచుకోమంటే నా వల్ల కాదు. అతనికి తోట ఉంది, మేనల్లుడని గుర్తించే కోర్టు ఉంది. నాకున్నది ఆ ఒక్క మాటే. ఉక్రోషం ఆగక అడిగేశాను.

"వాళ్ల లెక్కన మీ తర్వాత ఈ ఆఫీసు నాదేనా మావయ్యా?"

ఆయన పడీపడీ నవ్వారు. "ఏ కోర్టులో వేస్తావురా?" అన్నారు. కళ్లు తుడుచుకుని, "తాళాలు నీ దగ్గరే ఉన్నాయిగా" అన్నారు.

ఫ్యూనరల్ హోమ్‌లో మనవాళ్లంతా గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. అతను ఎరుపు, నలుపు బట్టల్లో వచ్చాడు, వాళ్లకి దుఃఖపు రంగులు అవేనట. వానకు తడిసిన కోటు విప్పి, ఎదురుపడ్డ నా చేతిలో పెట్టి, మావయ్య పక్కన కూలబడి "మావయ్యా" అని గట్టిగా ఏడ్చాడు. నాకలా ఏడవడం చేతకాలేదు. దానికీ కుళ్లుకున్నాను. అత్తయ్య లేచి వెళ్లి అతని తల మీద చెయ్యి వేసింది.

"ఊరుకో అల్లుడూ" అంది.

తడి కోటు పట్టుకుని, ఆవిడ ఇటు కూడా చూస్తుందేమోనని అక్కడే నిలబడ్డాను.